ఆగిపోయిన అమానత్

(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కమిటీ తరఫున కోశాధికారి చదివిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద కోశాధికారి లేచి జమాఖర్చులు చదవడం, మీరు అల్‌హమ్‌దులిల్లాహ్ అనడం, ఆ తర్వాత అందరం భోజనాలకు లేవడం మనకు అలవాటు. ఈసారి జమాఖర్చుల పట్టిక ఈ సంచికలోనే అచ్చయింది, తీరిగ్గా చూసుకోగలరు. ఈ కాస్త సమయంలో మేము వేరే లెక్క ఒకటి అప్పజెప్పాలి. 2025 రమజాన్‌లో మీరు ఆన్‌లైన్‌లో పంపిన డబ్బులో 4,86,350 రూపాయలు మాకు అందకుండా ఆగిపోయాయి. మొదటి రోజు నుంచి లెక్కిస్తే 49 రోజులు. ఆ డబ్బు తర్వాత వచ్చింది, ఖర్చయింది, ఆడిట్ కూడా అయింది. "వచ్చేసింది కదా, ఇప్పుడు అదంతా ఎందుకు?" అని కమిటీలోనే కొందరు అన్నారు. కానీ ఆ 49 రోజుల్లో ఏం జరిగిందో తెలుసుకునే హక్కు మీకుంది. అది మీ సొమ్ము. మా దగ్గర ఉన్నది అమానత్‌గా మాత్రమే.

ఏం జరిగింది

మన సొసైటీకి విరాళం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ఆఫీసులోనూ మస్జిద్ గోడ మీదా అంటించిన బ్యాంకు క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే యూపీఐ ద్వారా మీ బ్యాంకు నుంచి డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. రెండోది, ఊరికి దూరంగా ఉన్నవారి కోసం వాట్సాప్‌లో పంపే పేమెంట్ లింకు. ఈ రెండో దారిలో మధ్యన ఒక పేమెంట్ కంపెనీ ఉంటుంది. మీరు కట్టిన డబ్బు ముందు ఆ కంపెనీ ఒక బ్యాంకులో నడిపే ఎస్క్రో ఖాతాలోకి పోతుంది. మామూలుగా ఒకటి రెండు పనిదినాల్లో అక్కడి నుంచి మన ఖాతాకు వస్తుంది. దీన్నే సెటిల్‌మెంట్ అంటారు. 2020 మార్చి 17న రిజర్వు బ్యాంకు ఇలాంటి కంపెనీలకు నియమావళి ఇచ్చింది. కంపెనీ ఆ డబ్బును తన సొంత డబ్బులో కలుపుకోకూడదు. అలాగే, ఎవరికి ఇస్తోందో ఆ సంస్థ సంగతి పూర్తిగా విచారించి తెలుసుకోవాలి. మా కథంతా ఈ రెండో షరతు దగ్గరే నడిచింది.

మార్చి 2న ఉపవాసాలు మొదలయ్యాయి. మొదటి పది పన్నెండు రోజులు సెటిల్‌మెంట్ రోజూ వచ్చింది. మార్చి 14న రాలేదు. ఆ రోజు హోలీ సెలవు కదా అనుకున్నాం. ఆ తర్వాత ఆదివారం వచ్చింది. ఆ తర్వాత ఇఫ్తార్ ఏర్పాట్లు, రేషన్ కిట్ల కొనుగోలు. బ్యాంకు పాసుబుక్కు వైపు ఎవరూ చూడలేదు. మార్చి 20 గురువారం, పంతొమ్మిదో రోజా నాడు, కిట్ల షాపువారికి చెక్కు రాయబోతూ బ్యాలెన్స్ చూస్తే సగానికి పైగా డబ్బు లేదు. కంపెనీ ఖాతా తెరిచి చూస్తే ఎర్రటి గీత కింద ఒకే వాక్యం: మీ సెటిల్‌మెంట్లు పరిశీలన నిమిత్తం నిలిపివేయబడ్డాయి.

డబ్బు కనబడుతోంది. ఎవరెవరు ఎంత పంపారో పేర్లతో సహా కనబడుతోంది. 312 మంది దాతలు. జకాత్ 3,41,000. ఫిత్రా 61,350. సదఖా 84,000. అంతా తెర మీద ఉంది, ఒక్క రూపాయి కూడా తీయడానికి లేదు. పైగా లింకు మాత్రం పని చేస్తూనే ఉంది. మేము చూస్తుండగానే ఇంకో సోదరి 1,000 రూపాయలు పంపింది. ఆ రాత్రే లింకు మూసేశాం. ఆ పని ఆరు రోజుల ముందే చేసి ఉంటే ఇందులో చాలా డబ్బు క్యూఆర్ కోడ్ ద్వారా నేరుగా మన ఖాతాకే వచ్చేది.

ఎందుకు ఆగింది

మొదట మాకు వచ్చింది కోపం. తరావీహ్ తర్వాత మస్జిద్ వరండాలో కూర్చున్నప్పుడు తలా ఒక మాట అన్నారు. "మన పేర్లు చూసే ఆపారు" అన్న మాట కూడా వచ్చింది. ఆ మాట అన్నవారిని తప్పు పట్టడం లేదు. అలాంటి అనుమానం రావడానికి మన జీవితాల్లో కారణాలు లేకపోలేదు. కానీ ఆధారం లేకుండా ఎవరి మీదా నింద వేయకూడదన్నది కూడా మన దీన్ నేర్పిన మాటే. అందుకే ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందామని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. మూడు రోజుల్లో నాలుగు కారణాలు తేలాయి. నాలుగూ మా దగ్గరే ఉన్నాయి.

మొదటిది. కంపెనీలో ఖాతా తెరిచింది 2021లో. అప్పటికి మన ముఖ్య కార్యక్రమం ఉచిత ట్యూషన్లు. అందుకని దరఖాస్తులో 'విద్యా సేవలు' అని రాశారు. ఆ తర్వాత జకాత్, వితంతు పింఛన్లు, మందులు మొదలుపెట్టాం. కంపెనీకి మాత్రం చెప్పలేదు. ట్యూషన్ నడిపే సంస్థకు పదకొండు నెలలు వేలల్లో వచ్చి, ఒక్క నెలలో లక్షల్లో వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మనకు అది రమజాన్. వాళ్ల కంప్యూటర్‌కు అది లెక్కకు అందని పెరుగుదల.

రెండోది. ఖాతా మీద అధీకృత సంతకం మాజీ కార్యదర్శి గారిది. ఆయన పదవీకాలం 2023లో ముగిసింది. కువైట్ వెళ్లిపోయారు. ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిల్ ఆయనవే. కేవైసీ కాగితాలు కొత్తవి పంపండి, లేకపోతే చెల్లింపులు ఆగుతాయి అని కంపెనీ ఫిబ్రవరిలోనే మూడు ఈమెయిళ్లు పంపింది. ఎవరూ తెరవని పెట్టెలో ఆ మూడూ అలాగే పడి ఉన్నాయి.

మూడోది. కార్డు బిల్లులో మన సొసైటీ పేరు రావడం లేదు. పాత ట్యూషన్ సెంటర్ పేరు వస్తోంది. ఇద్దరు దాతలు ఆ పేరు చూసి, ఇదేదో మోసమని తమ బ్యాంకుకు ఫిర్యాదు చేశారు. దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. వాళ్ల తప్పు ఏమీ లేదు. తెలియని పేరు మీద డబ్బు పోతే ఎవరైనా అదే చేస్తారు. కానీ ఒకే వారంలో రెండు ఫిర్యాదులు కంపెనీ అనుమానాన్ని పెంచాయి.

నాలుగోది. కువైట్‌లో పనిచేస్తున్న మన పిల్లవాడొకడు అక్కడి బ్యాంకు కార్డుతో 10,000 రూపాయలు కట్టాడు. మన సొసైటీకి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదు. విదేశీ విరాళం తీసుకోవడానికి మనకు అనుమతి లేదు. ఆ పిల్లవాడు భారత పౌరుడే. భారత పౌరుడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది చట్టం ప్రకారం విదేశీ విరాళం కాదు. కానీ కార్డు చూసి పౌరసత్వం ఎలా తెలుస్తుంది? విదేశీ కార్డులు తీసుకోకుండా ఆ మీట ముందే ఆపాల్సింది మేము. ఆపలేదు.

చూశారు కదా. ఇందులో దొంగతనం లేదు, ఎవరూ ఒక్క పైసా తినలేదు. అయినా పేదవాడి డబ్బు ఆగిపోయింది. అమానత్ అంటే తినకుండా ఉండడం ఒక్కటే అని మేము అనుకుంటూ వచ్చాం. సొమ్ము నడిచే దారిని శుభ్రంగా ఉంచడం కూడా అమానత్‌లో భాగమేనని ఈ రమజాన్ మాకు నేర్పింది.

జకాత్ తీరినట్టా, తీరనట్టా?

మార్చి 21 రాత్రి తరావీహ్ తర్వాత మస్జిద్‌లో అందరి ముందూ ఈ విషయం ప్రకటించాం. 312 మందికీ వాట్సాప్‌లో సందేశం పంపాం. మరునాడు పొద్దున లారీ షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చారు. ఆయన కొడుకు ఫోన్లోంచి 500 రూపాయలు పంపారు. "భాయ్, నా అయిదొందలు ఎక్కడుంది ఇప్పుడు?" అని అడిగారు. ఫోన్ తెర మీద చూపించాం. "అది అక్కడుంటే నా జకాత్ తీరినట్టా, తీరనట్టా?" అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. ముఫ్తీ సాబ్ దగ్గరికి వెళ్లాం. ఆయన మూడు మాటలు చెప్పారు. మీరు దాతలకు వకీళ్లు మాత్రమే, అంటే ప్రతినిధులు. అర్హుడి చేతికి, అతని సొంతం అయ్యేలా అందినప్పుడే జకాత్ తీరుతుంది. మీ ఖాతాలోనో కంపెనీ ఖాతాలోనో ఉన్నంత కాలం తీరలేదు. ఇది మొదటి మాట. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే పేదలకు చేరాలి, దానికి గడువు ఉంది. ఇది రెండోది. దాత సొమ్ము భద్రంగా ఉన్నప్పుడు ప్రతినిధి తన జేబులోంచి దాత తరఫున ముందు ఇచ్చి, తర్వాత ఆ సొమ్ము నుంచి తిరిగి తీసుకోవచ్చు, ఆ సంకల్పం ముందే చేసుకోవాలి. ఇది మూడోది.

ఆ మూడో మాటే మాకు దారి చూపింది. కమిటీలో పదకొండు మందిమి కలిసి 2,10,000 రూపాయలు పోగుచేశాం. మస్జిద్ సోదరులు 1,00,000 రూపాయలు ఖర్జె హసనాగా ఇచ్చారు. మొత్తం 3,10,000. అందులో ముందుగా ఫిత్రా 61,350 పూర్తిగా పంచాం. 27 మంది వితంతువులకు రెండు వేల చొప్పున 54,000. కిట్లు 120, వాటికి 1,32,000. డయాలిసిస్ రోగుల మందులకు, ప్రయాణానికి 62,650. మార్చి 31 పొద్దున ఈద్‌గాహ్‌కు వెళ్లేటప్పటికి ఫిత్రా రూపాయి కూడా మిగల్లేదు. ఆ పెద్దాయనను వెతికి పట్టుకుని, "చాచా, మీ అయిదొందలు చేరింది" అని చెప్పాం.

పింఛన్ల రోజున ఒక ఆపా అడిగిన మాట కూడా మీతో పంచుకోవాలి. డబ్బు ఆన్‌లైన్‌లో ఆగిందని చెబితే, "ఎవరు పట్టుకున్నారు?" అంది. ఎవరూ పట్టుకోలేదమ్మా, ఆగింది అన్నాం. "ఎవరూ పట్టుకోకుండా డబ్బు ఎట్లా ఆగుతుంది?" అంది. ఆమె అడిగినదే నిజమైన ప్రశ్న. పట్టుకున్నది మా అజాగ్రత్తే.

అందని 1,76,350 రూపాయలు పద్నాలుగు మంది విద్యార్థుల ఫీజులకు అనుకున్నవి. వాళ్ల కాలేజీలకు మేమే వెళ్లి బతిమాలుకున్నాం. పదమూడు మందికి గడువు దొరికింది. డిప్లొమా చదివే ఒక పిల్లవాడికి పరీక్ష ఫీజు ఆఖరి తేదీ దాటిపోయింది. తర్వాతి పరీక్ష దాకా ఆగాల్సి వచ్చింది. డబ్బు మే నెలలో వచ్చింది కానీ ఆ పిల్లవాడు పోగొట్టుకున్న కాలం రాలేదు. ఇది ఏ జమాఖర్చుల పట్టికలోనూ కనబడని నష్టం. అందుకే ఇక్కడ నోటితో చెబుతున్నాం.

అమానత్ ఉంచుకున్నవాడు జాగ్రత్తగా ఉన్నా సొమ్ము పోతే అతని మీద భారం లేదు, అజాగ్రత్త వల్ల పోతే భారం అతనిదే, అని ఉలమాలు చెబుతారు. మూడు ఈమెయిళ్లు తెరవకపోవడం అజాగ్రత్తే. అందుకని ఆ పిల్లవాడి పరీక్ష ఫీజు, అదనపు కోచింగ్ ఖర్చు కమిటీ సభ్యులమే భరించాం. సొసైటీ ఖాతా నుంచి ఒక్క రూపాయి తీయలేదు.

డబ్బు ఎలా వచ్చింది

కంపెనీ అడిగినవి ఇవి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, నియమావళి, సొసైటీ పాన్, ఆదాయపన్ను శాఖ ఇచ్చిన 12ఎ, 80జి పత్రాలు, ప్రస్తుత కార్యవర్గం జాబితా, ఎవరికి సంతకం అధికారం ఇచ్చారో ఆ తీర్మానం, రద్దు చేసిన చెక్కు, ఆడిట్ నివేదికలు, వాళ్లు ఎంచిన కొన్ని విరాళాలకు రసీదులు. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కార్యవర్గం జాబితా ఏటా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. రెండేళ్లుగా చేయలేదు. కొత్త కార్యదర్శి కార్యదర్శే అని నిరూపించే కాగితం మా దగ్గర లేదు. దాన్ని తెచ్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.

ఈ మధ్యలో ఒక ప్రమాదం తప్పింది. తొందరలో మా కుర్రాళ్లు ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశారు. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, మీ డబ్బు ఈ రోజే విడుదల చేస్తాం, విడుదల రుసుము 4,999 కట్టండి, ఫోన్లో ఒక యాప్ వేసుకోండి" అన్నాడు. ఆ యాప్ వేస్తే మన ఫోన్ తెర అతనికి కనబడుతుంది. కుర్రాళ్లలో ఒకడికి అనుమానం వచ్చి ఫోన్ కట్టేశాడు. అది దొంగ నంబరు. ఆగిన డబ్బు విడిపించడానికి ఎవరూ రుసుము అడగరు, ఓటీపీ అడగరు. ఆగిన డబ్బు కోసం ఆదుర్దాపడే మనిషి దగ్గరికే దొంగ వస్తాడు. ఇది మీ ఇళ్లలోనూ చెప్పండి.

తర్వాత కంపెనీ ఖాతా లోపలి నుంచే ఫిర్యాదు పెట్టి, దాని నంబరు రాసుకున్నాం. జవాబు ఆలస్యమైనప్పుడు నోడల్ అధికారికి రాశాం. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇలాంటి ప్రతి కంపెనీకీ ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి ఉండాలి, ఆ వివరాలు బయట పెట్టాలి. ఆ ఉత్తరంలో కోపం లేదు. తేదీలు, మొత్తాలు, జతచేసిన కాగితాల జాబితా, మా తప్పులు ఏవో అవి, ఇప్పుడు ఎలా సరిచేశామో. అంతే. మే 2, శుక్రవారం, జుమా నమాజు నుంచి వచ్చేసరికి ఫోన్లో బ్యాంకు సందేశం ఉంది. కువైట్ పిల్లవాడి 10,000 వాపసు వెళ్లింది. అతను మళ్లీ తన ఎన్ఆర్ఈ ఖాతా నుంచి పంపాడు, పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకున్నాం. గేట్‌వే రుసుము కింద తెగిన డబ్బును మామూలు నిధి నుంచి పూడ్చాం. జకాత్ ఇచ్చినవారి రూపాయి రూపాయిగానే చేరాలన్నది కమిటీ తీర్మానం.

మూడు తాళాలు

ఈ అనుభవం తర్వాత చాలామంది మా దగ్గరికి వచ్చి తమ ఖాతాలు ఆగిపోయిన సంగతి చెప్పారు. చిన్న దుకాణదారులు, టైలర్లు, ఆటో నడిపేవారు. అందరూ "ఫ్రీజ్ అయింది" అనే అంటారు. కానీ తాళాలు మూడు రకాలు. ఒక్కో తాళానికి ఒక్కో చెవి.

మొదటి తాళం పేమెంట్ కంపెనీ వేసేది. మాకు పడింది అదే. కాగితాలు, ఫిర్యాదు నంబరు, నోడల్ అధికారి, ఇదే దాని దారి.

రెండోది బ్యాంకు వేసేది. కేవైసీ గడువు దాటినా, రెండేళ్లు ఖాతా వాడకపోయినా ఇది పడుతుంది. ఆధార్, పాన్, ఫోటో తీసుకుని శాఖకు వెళ్తే చాలావరకు తేలిపోతుంది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా పట్టించుకోకపోతే, లేదా ఇచ్చిన జవాబు సరిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు.

మూడోది పోలీసుల ఆదేశంతో పడేది. ఎక్కడో ఒకరు సైబర్ మోసానికి గురై 1930కి ఫోన్ చేస్తారు. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో ఖాతాకు పోతూ ఉంటుంది. అది తాకిన ప్రతి ఖాతాలో ఆ మేరకు డబ్బు ఆపమని బ్యాంకులకు కబురు వెళ్తుంది. దీన్ని లియన్ అంటారు. కొన్నిసార్లు ఖాతా మొత్తం ఆగిపోతుంది. మనం అమాయకులమే కావచ్చు, ఆ దారిలో ఉన్నాం కాబట్టి ఆగుతుంది. ఇది మనకూ జరిగింది. జులైలో మన బ్యాంకు ఖాతాలో 7,500 రూపాయల మీద లియన్ పడింది. ఎవరో అపరిచితుడు విరాళంగా పంపిన డబ్బు అది. ఈసారి మేము కంగారు పడలేదు. ఏ రాష్ట్రం, ఏ సైబర్ పోలీస్ స్టేషన్, ఫిర్యాదు నంబరు ఎంత అని బ్యాంకును రాతపూర్వకంగా అడిగాం. విరాళం రసీదు, రిజిస్ట్రేషన్ పత్రం, తీర్మానం జతచేసి ఆ స్టేషన్‌కు ఈమెయిల్ పంపాం. ఆ 7,500 ఎవరో మోసపోయినవారిదైతే వారికే చేరాలి, మాకు అక్కర్లేదు అని కూడా రాశాం. 26 రోజుల్లో తేలింది. ఆ మొత్తం తప్ప మిగతా పనులేవీ ఆగలేదు. పోలీసుల దగ్గర తేలని సందర్భాల్లో మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ మాత్రం వకీలు సలహా తీసుకోవడం మంచిది.

మేము మార్చుకున్నవి

సొసైటీ పేరు మీదే ఒక ఫోన్, ఒక ఈమెయిల్ పెట్టాం. అవి ఆఫీసులో ఉంటాయి, ఏ కార్యదర్శితోనూ వెళ్లిపోవు. రోజూ ఇషా తర్వాత ఇద్దరు సభ్యులు ఆ ఈమెయిల్, బ్యాంకు ఖాతా చూసి రిజిస్టరులో సంతకం పెడతారు. కంపెనీ దగ్గర మన పని 'ధార్మిక సంస్థ, విరాళాలు' అని మార్చాం. బిల్లులో సొసైటీ పేరే వస్తుంది. విదేశీ కార్డులు ఆగిపోయాయి. రమజాన్‌కు నెల ముందే కంపెనీకీ బ్యాంకుకూ ఉత్తరం రాసి, ఈ నెలలో విరాళాలు ఎందుకు పెరుగుతాయో చెబుతాం. ఫిత్రాను ఆన్‌లైన్ లింకులో ఇరవై అయిదో రోజా తర్వాత తీసుకోం. ఒక నెల పింఛన్లకు సరిపడా సదఖా నిధి ఎప్పుడూ బ్యాంకులో విడిగా ఉంటుంది. కార్యవర్గం జాబితా ఏటా సర్వసభ్య సమావేశం అయిన వెంటనే రిజిస్ట్రార్‌కు వెళ్తుంది. ఈ ఏడాది జాబితా సిద్ధంగా ఉంది, ఈ సభ ముగియగానే సంతకాలు జరుగుతాయి.

మీకు మా మనవి

దాతలకు నాలుగు మాటలు. జకాత్ ఏదో, సదఖా ఏదో, ఫిత్రా ఏదో పంపేటప్పుడే రాయండి. వీలైనంతవరకు ఆఖరి పది రోజుల దాకా ఆగకండి. సంవత్సరం నిండకముందే కూడా జకాత్ కొంత కొంత ఇవ్వవచ్చని ఉలమాలు చెబుతున్నారు, వారిని అడిగి చేయండి. సొసైటీ పేరున్న ఖాతాకే పంపండి, ఏ సభ్యుడి సొంత నంబరుకూ పంపకండి. ఆ సభ్యుడు మా కోశాధికారే అయినా సరే. బిల్లులో తెలియని పేరు కనిపిస్తే బ్యాంకుకు ఫిర్యాదు చేసేముందు ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయండి. విదేశాల్లో ఉన్న మన పిల్లలు భారత పౌరులైతే తమ ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల నుంచి పంపాలి. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవారి నుంచి, ఓసీఐ కార్డు ఉన్నా సరే, మేము తీసుకోలేం. వారు ఎఫ్‌సీఆర్ఏ ఉన్న సంస్థలకు ఇవ్వడమే సరైన దారి.

ఆగిన ఆ 49 రోజుల్లో తొమ్మిది మంది దాతలు తమ డబ్బు వెనక్కి అడిగారు. అది వారి హక్కు. విడుదల కాగానే మొదట వారికే పంపాం. వారిలో ఆరుగురు ఈ రోజు ఈ సభలో ఉన్నారు. మళ్లీ ఇచ్చారు కూడా. మీరు మమ్మల్ని అడిగినందుకు మాకు బాధ లేదు. అడగకపోయి ఉంటే ఆ మూడు ఈమెయిళ్ల మాదిరిగానే ఇంకెన్నో తెరవకుండా పడి ఉండేవి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కా విడిచి వెళ్లాల్సిన రాత్రి, తనను చంపాలనుకున్నవారి సొమ్ము కూడా ఆయన దగ్గర అమానత్‌గా ఉంది. దాన్ని ఎవరిది వారికి అప్పగించమని హజ్రత్ అలీ (రజి)ని అక్కడ ఉంచి వెళ్లారు. హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) దగ్గరికి ఎవరైనా సొమ్ము దాచమని తెస్తే, పోతుందేమోనన్న భయంతో, అమానత్‌గా కాదు, అప్పుగా ఇవ్వమనేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. పోతే తానే బాధ్యుడు కావాలని ఆయన ఉద్దేశం. మేము ఆ మహనీయుల కాలి ధూళికి సరిపోం. కానీ మీ రూపాయిని ఇకపై మేము ఆ దృష్టితోనే చూస్తాం. అమానత్‌గా తీసుకుంటాం, అప్పులాగా మోస్తాం.

ఆ డిప్లొమా పిల్లవాడు మొన్న పరీక్ష రాశాడు. అతని కోసం దుఆ చేయండి. మా పొరపాటును అల్లాహ్ క్షమించాలని, మీ దానాన్ని స్వీకరించాలని దుఆ చేయండి. ఆమీన్.